కిటికీ ఉన్నా లోపల కనిపించని రోజులు

మన సంఘం ప్రత్యేక సంచికకు పాత పనిముట్ల గురించి ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు ముందు తటపటాయించాను. సోల్డరింగ్ ఐరన్ గురించీ, ఆసిలోస్కోపు గురించీ నాకంటే బాగా వ్రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను ఉద్యోగ జీవితమంతా ప్రోగ్రాములు వ్రాసినవాణ్ణి. నా పనిముట్టు బీరువాలో పెట్టి తాళం వేసేది కాదు. దాని పేరు డీబగ్గర్. ప్రోగ్రాములోని తప్పును వెదికి పట్టుకునే సాధనం అన్నమాట. దాని చరిత్ర చెప్పుకోదగ్గదే. అదీగాక, ఆ చరిత్రతో ముడిపడిన పాత బాకీ ఒకటి నాకు ఉంది. అది చివర చెబుతాను.

ముందు విషయం స్థూలంగా చెప్పుకుందాం. ఇంట్లోని కంప్యూటరులో ప్రోగ్రాము వ్రాసే చోటూ, అది పనిచేసే చోటూ ఒకటే. తప్పు జరిగితే ఎదురుగా తెర ఉంది, మీటలున్నాయి. కాని మనం తయారుచేసిన నియంత్రణ పెట్టెల సంగతి వేరు. కరెంటు మీటరు, వాషింగ్ మెషీను, కారు ఇంజను, ఆసుపత్రిలో మందు ఎక్కించే పంపు, వీటన్నిటిలోనూ ఒక చిన్న ప్రాసెసరు ఉంటుంది గాని తెర ఉండదు, మీటలుండవు. వీటినే ఎంబెడెడ్ సిస్టమ్స్ అంటారు. వీటికి ప్రోగ్రాము వ్రాసేది ఒక యంత్రం మీద, నడిచేది మరో జాతి యంత్రం మీద. తప్పు వెదకడమంటే పొరుగూరి రోగికి ఉత్తరాల మీద వైద్యం చేసినట్లే. పైగా ఆ రోగి మాట్లాడే భాష వేరు. ఈ దూరాన్ని తగ్గించడానికి ఎవరెవరు ఎట్లా పాటుపడ్డారన్నదే ఈ వ్యాసం.

పురుగు పేరు ఎట్లా వచ్చింది?

యంత్రంలోని లోపాన్ని "బగ్", అంటే పురుగు, అనడం కంప్యూటర్ల కంటే పాతది. ఎడిసన్ 1878లో వ్రాసిన ఒక ఉత్తరంలోనే ఆ మాట ఈ అర్థంలో వాడాడు. 1947 సెప్టెంబరు 9న అమెరికాలో హార్వర్డ్ మార్క్-2 కంప్యూటరు రిలేలో నిజంగానే ఒక చిమ్మట పురుగు ఇరుక్కుని దొరికింది. దాన్ని లాగ్ బుక్కులో అంటించి, పురుగు నిజంగా దొరికిన మొదటి సందర్భం ఇదేనని సరదాగా వ్రాసుకున్నారు. మాట అప్పటికే వాడుకలో ఉండబట్టే ఆ హాస్యం పండింది.

పురుగు ఒక్క రిలేలోనే కాదు, మన ఆలోచనలోనూ ఉంటుందని కేంబ్రిడ్జిలో ఎడ్‌సాక్ కంప్యూటరు మీద పనిచేసినవారు 1949 నాటికే గ్రహించారు. అక్కడి స్టాన్లీ గిల్ 1951లో, ప్రోగ్రాముల్లో పొరపాట్లు కనిపెట్టే పద్ధతుల మీద ఒక పరిశోధన పత్రం ప్రకటించాడు. ఆ రోజుల్లో రెండు మార్గాలుండేవి. ఒకటి, ప్రోగ్రాము ఆగిపోయాక జ్ఞాపకశక్తిలో మిగిలినదాన్ని అచ్చువేసి చూడడం. దీన్ని వాళ్ళు శవపరీక్ష అనే అన్నారు. రెండోది, ప్రోగ్రామును అడుగడుగునా నడిపిస్తూ జరిగినదాన్ని అచ్చువేయడం. ఈ నాటి డీబగ్గర్లన్నీ ఈ రెంటి సంతానమే.

మన రోజులు

ఇంటెల్ కంపెనీ 1971లో 4004, 1974లో 8080, 1976లో 8085 ప్రాసెసర్లను విడుదల చేసింది. 8085 పేరు వినగానే మనలో చాలామందికి మెట్లెక్కి వెళ్ళే ఆ ప్రయోగశాల గుర్తుకు వస్తుంది. పదహారు మీటలున్న కిట్టు, ఎర్ర అంకెల డిస్ప్లే, పక్కన ఈప్రామ్ చెరిపే నీలిదీపపు పెట్టె. ఈప్రామ్ చిప్పుకు నెత్తిమీద చిన్న గాజు కిటికీ ఉండేది. అతినీలలోహిత కాంతిలో పావుగంటో ఇరవై నిమిషాలో ఉంచితే పాత ప్రోగ్రాము చెరిగిపోయేది. కొత్తది ఎక్కించి, కిటికీ మీద కాగితం అంటించి, బోర్డులో గుచ్చి, స్విచ్ వేసి, దేవుడికి దణ్ణం పెట్టుకునేవాళ్ళం. పనిచేయకపోతే మళ్ళీ మొదటికి. చిప్పుకు కిటికీ ఉంది గాని అందులోంచి చూస్తే ప్రోగ్రాము ఏం చేస్తున్నదో కనిపించదు గదా!

ఆ కరువులోనూ చిట్కాలుండేవి. చెరిపిన ఈప్రామ్‌లో ప్రతి గదిలోనూ ఎఫ్‌ఎఫ్ అనే విలువే ఉంటుంది. 8085కి ఎఫ్‌ఎఫ్ అంటే "0038 అనే చిరునామాకు వెళ్ళు" అని ఆజ్ఞ. కాబట్టి ప్రోగ్రాము దారి తప్పి ఖాళీ చోటికి పోతే తప్పకుండా 0038 దగ్గర తేలేది. అక్కడ ఒక దీపం వెలిగించే నాలుగు ఆజ్ఞలు వ్రాసిపెట్టేవాళ్ళం. దీపం వెలిగితే మనవాడు దారి తప్పాడని అర్థం. ఎక్కడ తప్పాడో మాత్రం దీపం చెప్పదు.

1980ల నడుమ మేము ఒక లెక్కింపు పెట్టె తయారుచేశాం. బయటనుంచి వచ్చే పల్సులను లెక్కబెట్టి నిమిషానికోసారి నమోదు చేయడం దాని పని. అంతా బాగానే ఉన్నది గాని, మూడు నాలుగు రోజులకోసారి అంకె హఠాత్తుగా పెరిగి, మరుసటి నిమిషానికి తానే సర్దుకునేది. మీటింగులో నన్ను అడిగారు. ప్రోగ్రాము రాత్రింబగళ్ళు నడుస్తున్నది, తప్పుంటే ఎప్పుడూ రావాలి, ఎప్పుడో ఒకసారి వచ్చేది తప్పకుండా అతుకుల దోషమేనని నేను ఘంటాపథంగా చెప్పాను. ఆ బోర్డులు అతికించిన సీనియర్ టెక్నీషియన్‌ను మేమంతా అన్నగారు అనేవాళ్ళం. ఆయన ఎదురు మాట్లాడలేదు. బోర్డు మీది ప్రతి అతుకూ తిరిగి అతికించాడు. కనెక్టర్లు మార్చాడు. మళ్ళీ అంకె ఎగిరింది. మళ్ళీ అతికించాడు. ఆయన పనిలో నాణ్యత లేదన్న మాట ఫైలుకు ఎక్కింది.

బరువైన పెట్టె

ఇంటెల్ 1975లోనే ఇన్-సర్క్యూట్ ఎమ్యులేటర్ అనే సాధనం తెచ్చింది. బోర్డులోంచి ప్రాసెసరును పీకేసి, దాని సాకెట్టులో ఒక తీగెల పట్టీ చివరి నలభై కాళ్ళ ప్లగ్గు గుచ్చుతారు. పట్టీ రెండో చివర పెద్ద పెట్టె. ఆ పెట్టే ప్రాసెసరు వేషం వేసుకుని బోర్డును నడుపుతుంది. నడుపుతూనే, ఏ ఆజ్ఞ తర్వాత ఏ ఆజ్ఞ నడిచిందో తన పుస్తకంలో వ్రాసుకుంటుంది. మనం చెప్పిన చోట ఆగుతుంది. మొదటిసారి నిజంగా కిటికీ తెరుచుకున్నట్లయింది.

చిక్కల్లా రెండే. ఒకటి ధర. అటువంటి పెట్టె ఒక విభాగానికి ఒకటి ఉంటే గొప్ప. రెండోది, ప్రాసెసరు మారితే పెట్టె పనికిరాదు. ఒక కంపెనీ ప్రాసెసరుకు కొన్న పెట్టె ఇంకో కంపెనీ ప్రాసెసరును చూడనైనా చూడదు. దాని ప్రోగ్రాములూ అది చెప్పిన యంత్రం మీదనే నడవాలి.

మా లెక్కింపు పెట్టెకు పక్క విభాగంనుంచి ఎమ్యులేటర్ దొరకడానికి చాలా వారాలు పట్టింది. బిగించాక మూడో రోజు అంకె ఎగిరింది, పెట్టె ఆగింది. నడిచిన ఆజ్ఞల జాబితా చూశాను. నా లెక్క రెండు బైట్లలో ఉండేది. కింది బైటును ఒక ఆజ్ఞతో, పై బైటును ఇంకో ఆజ్ఞతో చదివాను. సరిగ్గా ఆ రెండు ఆజ్ఞల నడుమ పల్సు వచ్చి, లెక్క 255నుంచి 256కు మారింది. కింది బైటు పాతది, పై బైటు కొత్తది. రెండూ కలిస్తే 511! కొన్ని మైక్రోసెకన్ల సందు అది. పల్సు ఆ సందులోనే రావాలి, అదీ కింది బైటు నిండి ఉన్న క్షణంలోనే రావాలి. అందుకే మూడు నాలుగు రోజులకోసారి. రెండు ఆజ్ఞల బదులు రెండు బైట్లనూ ఒకేసారి చదివే ఒక్క ఆజ్ఞ వేస్తే సరిపోయింది. అతుకులన్నీ మొదటినుంచీ బాగానే ఉన్నాయి.

నాలుగు తీగలు

1980ల నాటికి బోర్డులు చిక్కబడ్డాయి. చిప్పుల కాళ్ళు సన్నబడి, సూదులు పెట్టి పరీక్షించడం కష్టమయింది. అతుకుల పరీక్షకు ఒక ఉమ్మడి మార్గం వెదకడానికి కొన్ని కంపెనీలు 1985లో ఒక బృందంగా ఏర్పడ్డాయి. జాయింట్ టెస్ట్ యాక్షన్ గ్రూప్, పొడి అక్షరాల్లో జేటాగ్. వారి పద్ధతి 1990లో ఐఈఈఈ 1149.1 ప్రమాణమయింది. చిప్పుకు నాలుగు తీగలు: లోపలికి డేటా ఒకటి, బయటికి డేటా ఒకటి, గడియారం ఒకటి, దారి మార్చేది ఒకటి. వీటితో చిప్పు ప్రతి కాలి మీద ఏమున్నదో ఒకదాని వెనుక ఒకటిగా బయటికి లాగవచ్చు.

అతుకుల కోసం వేసిన దారి ప్రోగ్రాముల వాళ్ళకూ పనికొచ్చింది. ఆ నాలుగు తీగల మీదనే ప్రాసెసరును ఆపవచ్చు, దాని రిజిస్టర్లు చదవవచ్చు, ఒక్కొక్క అడుగు నడిపించవచ్చు. ఎమ్యులేటర్ పనిలో ముఖ్యమైన భాగం ప్రాసెసరు లోపలికే వచ్చింది. 1990లలో విస్తారంగా వాడుకలోకి వచ్చిన ఏఆర్ఎమ్-7 ప్రాసెసరు పూర్తి పేరు చివర టీడీఎమ్ఐ అని ఉంటుంది. అందులో "డీ" డీబగ్గుకూ, "ఐ" లోపల అమర్చిన ఎమ్యులేటర్ భాగానికీ గుర్తులు.

అయితే లక్ష రూపాయల పెట్టె పోయిందే గాని గొలుసులు పోలేదు. తీగలు నాలుగూ అందరివీ ఒకటే అయినా, వాటి మీద మాట్లాడే సాఫ్టువేరు ఎవరి దుకాణం వారిదే. ఒక కంపెనీ అమ్మిన కేబుల్ ఇంకో కంపెనీ సాఫ్టువేరుతో కలిసేది కాదు. చాలావరకు విండోస్ మీదనే నడిచేది.

అందరికీ ఒక భాష

ఈ లోగా ఇంకో వైపు ఒక పని జరిగింది. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో స్వేచ్ఛా సాఫ్టువేరు కోసం గ్నూ ప్రణాళిక ప్రకటించాడు. అందులో భాగంగా 1986లో జీడీబీ అనే డీబగ్గర్ వ్రాశాడు. మూలం అందరికీ ఇచ్చాడు, ఎవరైనా మార్చుకోవచ్చు. 1989లో మైఖేల్ టీమన్, జాన్ గిల్మోర్, డేవిడ్ హెంకెల్-వాలెస్ కలిసి సిగ్నస్ అనే సంస్థ పెట్టారు. ఉచితంగా దొరికే సాధనాలను కొత్త కొత్త ప్రాసెసర్లకు మలచి, ఆ సేవకు డబ్బు తీసుకోవడం వారి వ్యాపారం. గిల్మోర్ 1990నుంచి 1993 వరకు జీడీబీ బాధ్యత చూశాడు. ఎంబెడెడ్ ప్రపంచంలోకి జీడీబీ చొచ్చుకుపోవడంలో ఆ సంస్థ పాత్ర పెద్దది.

జీడీబీలో మనం గమనించవలసింది దూరపు యంత్రంతో మాట్లాడే దాని భాష. చాలా సాదా భాష. మాట డాలరు గుర్తుతో మొదలవుతుంది, హాష్ గుర్తుతో ముగుస్తుంది, ఆ వెనుక రెండంకెల సరిచూపు మొత్తం. "ఎమ్" అంటే ఫలానా చిరునామాలో ఉన్నది చదివి పంపు. "జీ" అంటే రిజిస్టర్లన్నీ చెప్పు. "ఎస్" అంటే ఒక్క అడుగు వెయ్యి. "సీ" అంటే సాగిపో. సరిగ్గా అందితే కూడిక గుర్తు, అందకపోతే తీసివేత గుర్తు. ఒక మామూలు సీరియల్ తీగ మీద నడిచే ఈ సంభాషణను ఏ చిన్న ప్రాసెసరుకైనా నేర్పవచ్చు. అవతల ఎవరున్నారో తెలియకపోయినా ఈ భాష వస్తే చాలు, పని జరుగుతుంది.

ఇట్లా చెప్పినంత సులువు కాదు లెండి. ఒక ప్రాసెసరు పెద్ద సంఖ్యను కింది బైటు ముందుగా దాచుకుంటుంది, ఇంకొకటి పై బైటు ముందుగా. ఒకదానికి పదహారు రిజిస్టర్లు, ఇంకొకదానికి ముప్ఫైరెండు. వ్రాసేచోటు లెక్క వేరు, నడిచేచోటు లెక్క వేరు. ఈ తేడాలన్నిటినీ డీబగ్గర్ లోపల విడివిడిగా సర్దడం ఎవరి కంటా పడని పని. ఆ తర్వాతి కాలంలో, నాకు ఫలానా రిజిస్టర్లున్నాయని అవతలి యంత్రమే ముందుగా చెప్పుకునే ఏర్పాటు కూడా జీడీబీలో వచ్చింది.

అంగారకుడి మీద ఒక తప్పు

దూరంనుంచి తప్పు వెదకడంలో పరాకాష్ఠ 1997లో జరిగింది. ఆ ఏడాది జులై 4న అమెరికా పంపిన పాత్‌ఫైండర్ నౌక అంగారకుడి మీద దిగింది. కొద్ది రోజులకే దాని కంప్యూటరు ఉన్నట్టుండి తనంత తానే రీసెట్ కావడం మొదలుపెట్టింది. పాసడేనాలోని జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో నౌకకు నకలు ఉంది. ఏ పని ఎప్పుడు నడిచిందో నమోదు చేసే ఏర్పాటును కూడా ప్రోగ్రాములోంచి తీసేయకుండా ఉంచారు. నకలు మీద ఆ దోషాన్ని తిరిగి రప్పించి, నమోదును చదివారు.

వాతావరణ పరికరాల పని చిన్న పని. అది ఉమ్మడి దారి తాళం ఒకటి చేతిలో పెట్టుకుంది. ఇంతలో మధ్యరకం పని ఒకటి వచ్చి చిన్న పనిని పక్కకు నెట్టింది. ఆ తాళం కోసమే అన్నిటికంటే ముఖ్యమైన పని గుమ్మంలో నిలబడిపోయింది. గడువులోగా అది జరగకపోయేసరికి కాపలా యంత్రాంగం రీసెట్ చేసింది. తాళం పట్టుకున్న చిన్న పనికి ఆ కాసేపూ పెద్ద పని హోదా ఇచ్చే మార్పును భూమినుంచి పంపారు. రీసెట్లు ఆగిపోయాయి.

నా 511కూ ఆ రీసెట్‌కూ చుట్టరికం ఉంది. రెండూ ఎప్పుడో ఒకసారి, ఒక క్షణం మరో క్షణం మీద పడ్డప్పుడే వచ్చే తప్పులు. వాళ్ళకు నమోదు ఉంది, అందువల్ల ఎవరినీ నిందించకుండా తప్పును పట్టారు. మాకు నమోదు లేదు. కనబడనిచోట నింద పుడుతుంది. అది ఎదురు చెప్పనివాడి మీదకే పోతుంది.

ఒక విద్యార్థి సిద్ధాంత వ్యాసం

ఇక ఈ వ్యాసానికి నాయకుడనదగినవాడి దగ్గరికి వద్దాం. జర్మనీలోని ఆగ్స్‌బుర్గ్ అనువర్తిత శాస్త్రాల విశ్వవిద్యాలయంలో డొమినిక్ రాత్ అనే విద్యార్థి 2005లో డిప్లొమా పట్టాకు సిద్ధాంత వ్యాసంగా ఒక ప్రోగ్రాము వ్రాశాడు. దాని పేరు ఓపెన్ ఓసీడీ. చిప్పు మీది డీబగ్గింగుకు అందరికీ తెరిచిన సాధనమని పేరుకు భావం.

అతను కొత్త డీబగ్గర్ వ్రాయలేదు. కొత్త చిప్పూ చేయలేదు. ఉన్నవాటి నడుమ దుబాసీని నిలబెట్టాడు. ఈ దుబాసీ ఒక చెవితో జీడీబీ భాష వింటుంది, రెండో వైపు జేటాగ్ నాలుగు తీగలను ఆడిస్తుంది. "ఫలానా చిరునామా చదువు" అని ఇటు వింటే, అటు గడియారపు తీగను వందలసార్లు అటూ ఇటూ ఊపి, జవాబు ఏరి తెస్తుంది. కేబుల్ కంప్యూటరు ప్రింటరు పోర్టుకు తగిలించేదైనా సరే, యూఎస్‌బీదైనా సరే. కంప్యూటరులో లినక్స్ ఉన్నా, విండోస్ ఉన్నా, మెకింటోష్ అయినా సరే. మొదట ఏఆర్ఎమ్-7, ఏఆర్ఎమ్-9 జాతులకు పనిచేసింది.

పని చిన్నదిగా తోచవచ్చు. ఒక్క ఉదాహరణ చెబుతాను. ప్రోగ్రామును ఒకచోట ఆపాలంటే అక్కడి ఆజ్ఞను తీసి ఆగమనే ఆజ్ఞ పెట్టడం పాత చిట్కా. కాని ప్రోగ్రాము ఫ్లాష్ జ్ఞాపకశక్తిలో ఉంటే అట్లా దిద్దడం కుదరదు. అప్పుడు చిప్పులోని పోలిక భాగాలను వాడాలి. ఏఆర్ఎమ్-7లో అవి రెండే. కాబట్టి ఆ రెంటినీ పొదుపుగా వాడుకోవాలి. ఫ్లాష్‌లో ప్రోగ్రాము ఎక్కించే పద్ధతి ఒక్కో కంపెనీ చిప్పుకు ఒక్కో రకం. అవన్నీ ఒక్కొక్కటిగా నేర్చుకుని ఈ దుబాసీకి నేర్పాలి.

మూలం అందరికీ ఇవ్వడంవల్ల ఆ భారం ఒక్కడి నెత్తిన మిగలలేదు. దేశదేశాల వాళ్ళు తమ చేతిలోని బోర్డును, తమ దగ్గరున్న కేబులును జతచేస్తూ పోయారు. కేబులుకు ఒక చిన్న ఫైలు, చిప్పుకు ఒకటి, బోర్డుకు ఒకటి. చిప్పు మారితే చిప్పు ఫైలు మార్చుకుంటే చాలు, మిగతావి అట్లాగే ఉంటాయి. ప్రాసెసరు మారిందని మనం పెట్టెలు అటకెక్కించిన రోజులు గుర్తున్నవారికి ఈ మార్పు విలువ వేరే చెప్పనక్కరలేదు. 2010లో బర్క్‌లీలో మొదలైన రిస్క్-ఫైవ్ ప్రాసెసర్లకూ ఈ సాధనం పనిచేస్తున్నది. మన మద్రాసు ఐఐటీలో రూపొందిన శక్తి ప్రాసెసర్ల బోర్డుల మీద ప్రోగ్రాములు సరిచూసేందుకు వాడేదీ ఇదే.

పాత బాకీ

మొన్న సంక్రాంతికి మా మనవడు వచ్చాడు. ఇంజనీరింగు చదువుతున్నాడు. జేబులోంచి వేలెడంత బోర్డు తీశాడు. కొన్ని వందల రూపాయలదట. ఇంకో చిన్న ముక్కతో దాన్ని లాప్‌టాప్‌కు తగిలించాడు. ఓపెన్ ఓసీడీ నడిపి, జీడీబీ తెరిచి, "ఎక్కడ ఆపమంటావు తాతయ్యా?" అన్నాడు. ఒక వరుస చూపించాను. అక్కడ ఆగింది. రిజిస్టర్లన్నీ తెర మీద వరుసగా నిలబడ్డాయి. ఒకప్పుడు వారాల తరబడి ఎదురుచూసిన దృశ్యం! వాడికి అది మామూలు. "ఏమిటి తాతయ్యా, అట్లా చూస్తావు?" అన్నాడు. ఏం చెప్పను? అన్నగారు గుర్తుకు వచ్చారు.

ఆ రోజు ఎమ్యులేటర్ జాబితా చూశాక ప్రోగ్రామును దిద్దాను. రిపోర్టులో "సాఫ్టువేరు సవరించబడినది" అని ఒక్క వాక్యం వ్రాశాను. ఎవరి తప్పో వ్రాయలేదు. అన్నగారి ఫైలులోని మాట తీయించమని ఎవరినీ అడగలేదు. ఆయనతో మాత్రం "సరిపోయిందండీ" అన్నాను. ఆయన "మంచిది బాబూ" అని తన పనిలో పడిపోయారు. ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఎన్నోసార్లు కలుసుకున్నాం గాని ఆ ప్రసక్తి రాలేదు. నేను రానివ్వలేదు.

స్టాల్‌మన్, గిల్మోర్, రాత్ వంటివారు తమ పనిని అందరి ముందూ పరచి, తప్పుంటే దిద్దండని ఇచ్చారు. ప్రతి మార్పు ఎవరు చేశారో, ఎందుకు చేశారో నమోదై ఉంటుంది. వారి సాధనాలు ఇంతకాలం నిలవడానికి అది కూడా ఒక కారణమని నేననుకుంటాను. నా రిపోర్టులో లేనిది అదే.

అన్నగారు మన సంఘం సభ్యులే. ఈ సంచిక ఆయన చేతికీ అందుతుంది. అన్నగారూ, ఆ బోర్డు మీద మీరు పెట్టిన అతుకుల్లో ఒక్కటీ తప్పు లేదు. తప్పు నా ప్రోగ్రాములో ఉంది. రెండు బైట్లను రెండు ఆజ్ఞలతో చదివినవాణ్ణి నేనే. ఆలస్యమైనా, మీ ఫైలులో ఎక్కించవలసిన మాట మన సంఘం పత్రికలోనైనా ఎక్కిస్తున్నాను. ఈసారి సర్వసభ్య సమావేశానికి వచ్చినప్పుడు మీ పక్క కుర్చీ నాకోసం ఉంచమని ప్రార్థన.